మడ్‌గార్డుకు అంటని సూదంటురాయి

ఎనభైల మొదట్లో డోర్నకల్ స్టేషన్లో, నా టాక్సీకి కొన్న కొత్త మడ్‌గార్డును గోనెపట్టాలో చుట్టుకుని రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్న రైల్వే కార్మికుడు "జర చూడనీ తమ్మీ" అంటూ పట్టా తొలగించి, జేబులోంచి సూదంటురాయి తీసి దానిమీద పెట్టాడు. రాయి జారి కిందపడింది.

"రేకు సగమే. మిగతాదంత తుప్పు తూట్లల్ల లప్పం ముద్ద నింపి, కొత్తదాని లెక్క రంగేసిండ్రు. ఈ రాయి ఉంచుకో. ఈసారి దుకాణంల ముందుగాల దీన్నే తియ్యి. గరమయ్యెటోని దగ్గర కొనకు."

ఇంకో మడ్‌గార్డు కోసం వెళ్లి రాయి తీయగానే, మట్టెవాడలో ఇద్దరు దుకాణదారులు గరమై కసిరారు. మూడో ఆయన నవ్వి, మడ్‌గార్డును తానే తిరగేసి, "లోపల గూడ పెట్టి చూడన్నా" అన్నాడు. రాయి టక్కున అతుక్కుంది. గట్టిగా పీకితే గానీ రాలేదు!

పన్నెండేళ్లు నడిపి ఆ టాక్సీ అమ్మాను. కొనే ఆయన బండి చుట్టూ తిరుగుతూ అనుమానంగా వేలితో కొట్టి చూస్తుంటే, సూదంటురాయి తీసి నేనే ఆయన చేతిలో పెట్టాను.