ఇద్దరూ వెతికిన కార్డు

ఒక చిన్న అట్టముక్క. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. దాన్ని పెళ్లయిన కొత్తల నుంచి ఈ వయసు దాకా మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో మా ఆయనకే చెప్పేదాన్ని.

డెబ్బైల చివర పెళ్లి చేసుకుని, అమెరికాలోని టెక్సాస్‌కు, ఆయన చదువుకున్న కాలేజీ ఉన్న ఊళ్లోకే కాపురానికి వచ్చాను. వారమంతా ఆయనకు ఆఫీస్. శనివారం వస్తే డేవ్. డేవ్ అంటే కాలేజీలో ఆయన రూమ్మేట్. తెల్లవాడు, మంచివాడు. మంచివాడనే నాకు ఇంకా ఒళ్లు మండేది. ఇద్దరూ వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని బేస్‌బాల్ కార్డుల పొట్లాలు విప్పేవారు. ఒక్కో పొట్లంలో ఒక చూయింగ్ గమ్ ముక్క, ఆటగాళ్ల బొమ్మలున్న కొన్ని అట్టముక్కలు. వాళ్లకు అందరూ అక్కర్లేదు. తమ కాలేజీలో ఆడి పెద్ద జట్లలోకి వెళ్లినవాళ్లే కావాలి. అందుకని ముందు బొమ్మ చూడరు, కార్డు తిప్పి చిన్న అక్షరాల్లో కాలేజీ పేరుందేమోనని వెతుకుతారు. దొరికిందా, ఇక ఇల్లు ఎగిరిపోయేలా అరుపులు, నవ్వులు.

నాతో ఆయన ఎప్పుడూ అలా నవ్వలేదు.

ఒకసారి నేనూ వాళ్లతో కలుద్దామని ఒక కార్డు వెనక చదివి, దొరికాడని చూపించాను. తీరా అది వాళ్ల కాలేజీ కాదట, బద్ధశత్రువుల కాలేజీ అట. రెండు పేర్లలోనూ టెక్సాస్ ఉంది, నాకేం తెలుసు? ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. అది వెక్కిరింపు కాదని తెలిసి కూడా నేను మళ్లీ ఆ టేబుల్ దగ్గర కూర్చోలేదు. అసూయ ఇంకో ఆడదాని మీదే పడాలా? మొగుడి స్నేహితుడు సవతిలా ఉన్నాడని ఎవరితో చెప్పుకోను?

వాళ్లు అన్నిటికంటే ఎక్కువగా వెతికింది ఒక పిచర్ కార్డు, అంటే బంతి విసిరే ఆటగాడిది. చదువుకునే రోజుల్లో కాలేజీ గ్రౌండ్‌లో వాళ్ల కళ్లముందు ఆడినవాడు. ఒక శనివారం డేవ్ ఆ కార్డును ఏదో పాత సామాన్ల సంతలోంచి పట్టుకొచ్చాడు. ఒక వారం మా ఇంట్లో, ఒక వారం డేవ్ ఇంట్లో ఉంచాలని, మొదటి వారం మాదేనని ఒప్పందం చేసుకున్నారు. డేవ్‌ను కారు దాకా సాగనంపడానికి మా ఆయన బయటికి వెళ్లారు. కార్డు టేబుల్ మీదే ఉంది. నేను తీశాను. కాసేపు దాచి ఆయన్ని ఏడిపిద్దామనే తీశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. వాళ్లిద్దరికీ చెడాలనే తీశాను.

ఆయన లోపలికొచ్చారు.

"ఇక్కడ కార్డు ఉండాలే, చూశావా?"

"మీ ఫ్రెండే జేబులో పెట్టుకున్నాడండీ."

"డేవా? ఛ, వాడలా చెయ్యడు."

"నేను చూశానండీ."

ఆ ఒక్క మాట చాలింది. ఆయన డేవ్‌కు ఫోన్ చేశారు. మొదట నవ్వుతూ అడిగారు. తర్వాత నవ్వకుండా అడిగారు. ఆ పై శనివారం డేవ్ రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఎనభైలు వచ్చాయి. శనివారాలన్నీ నావే అయ్యాయి. ఆయన టీవీలో ఆట పెట్టుకుని చూసేవారు. నేను పక్కనే కూర్చునేదాన్ని. ఎవరైనా బంతిని బలంగా కొడితే, ఏదో చెప్పబోతున్నట్టు ఆయన తల చప్పున పక్కకు తిరిగేది. అక్కడ నేనుండేదాన్ని. మళ్లీ టీవీ వైపు తిరిగేవారు. నేను గెలిచినట్టేనా?

కార్డును పారేయడానికి చేతులు రాలేదు. వెంకటేశ్వరస్వామి పటంలో, బొమ్మకూ వెనక అట్టకూ మధ్య దోపేశాను. ఎన్నో ఇళ్లు మారాం. పటం ప్రతి ఇంటికీ మాతోనే వచ్చింది. ఆయన రోజూ స్నానం చేసి దానికి దణ్ణం పెట్టుకుంటారు. పిల్లల పేర్లు, మనవల పేర్లు పైకే అనుకుంటూ అందరూ చల్లగా ఉండాలంటారు. ఒక్కో రోజు చివర్న డేవ్ పేరు కూడా వినబడుతుంది. నేను హారతి పళ్లెం పట్టుకుని వెనకే నిలబడి ఉంటాను.

ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. కానీ ఇప్పటికి ఒక్క మనిషి చెవినైనా వేశాను. కార్డు తీసింది డేవ్ కాదు. నేను.