పండగకు ముందు కోసిన చిక్కుళ్లు

డెబ్బైల మొదట్లో డుంబ్రిగుడ దగ్గర ఒక బడిలో సోషల్ టీచరుగా చేరాను. ఎస్.కోటలో కిరాణా కొట్టు వెనక గదిలో పెరిగినదాన్ని. ఎదుటివాళ్లు "వద్దు" అంటే మా ఇంట్లో దానర్థం "ఇంకాస్త తగ్గించు" అని. ఆ చదువుతోనే కొండెక్కాను.

పుస్తకంలో డెల్టా వరి, పొగాకు. పిల్లలు ఆవలించేవారు. అమ్ముడుపోని సరుకు ముందర పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు. గదిలో అటూ ఇటూ తిరిగి తిరిగి, ఒకరోజు పుస్తకం మూసేశాను. పిల్లల చేత బడి వసారాలో ఎర్రమట్టితో కొండలు, ముగ్గుపిండితో ఘాట్ రోడ్డు, పురికొసతో రైలుపట్టా పెట్టించాను. "మీ ఊళ్లో పండేది తెచ్చి మీ ఊరి మీద పెట్టండి" అన్నాను. మర్నాటికి చోళ్లు, సామలు, వలిసెలు వచ్చిపడ్డాయి. పిల్లలు ఒకరి మాట ఒకరు తోసేసుకుంటూ మాట్లాడారు.

ఒక ఆడగుంట మాత్రం ఉత్త చేతులతో వచ్చింది. ఎనిమిదో తరగతికంతా ఆడపిల్ల ఆమె ఒక్కతే. నేను నోరు తెరవకముందే ప్రశ్న వేసేది. బడి వెనకే వాళ్ల చేను, కంచె నిండా చిక్కుడు.

"నీదేదే?"

"తేను."

రిబ్బను ఇస్తానన్నాను. వద్దంది. పెన్సిలన్నాను.

"వద్దు టీచరమ్మా."

గట్టి బేరగత్తె అనుకుని లోపల మెచ్చుకున్నాను కూడా. సాయంత్రం నేనే పోయి, ఎవరినీ అడగకుండా, గుప్పెడు కాయలు కోసి వాళ్ల ఊరి మీద పెట్టేశాను.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. మూడో రోజూ రాలేదు. అక్కడ బడి మానిన ఆడపిల్ల మళ్లీ గుమ్మం తొక్కడం నేనప్పటికి చూడలేదు. వెనక బెంచీ కుర్రాణ్ణి అడిగాను.

"సిక్కుడు కొత్త పండగ అవకుండా కోసేసినావు కదా. దేవతకి పెట్టకుండా కొత్త పంట ఎవులూ ముట్టరు. ఊరోల్లు ఆల అయ్యని నిలబెట్టి తిట్టినారు."

"మరి మీరు తెచ్చినవో?"

"అవి నిరుటివి."

వసారాలోకి పరుగెత్తి చూశాను. చోళ్లు, సామలు, అన్నీ పాతవే. పాత సరుకో కొత్త సరుకో కళ్లు మూసుకుని చెప్పగలనని గొప్పలు పోయేదాన్ని.

బెల్లం, ఎండుచేపలు మూటకట్టుకుని వాళ్లింటికి పోయాను. తండ్రి అరుగు మీద బుట్ట అల్లుతున్నాడు. పిల్ల తలుపు వెనక ఉంది. తప్పయిందన్నాను, మూట ముందుకు జరిపాను. ఆయన చెయ్యి ఆగలేదు.

"మూట అట్టుకుపో అమ్మా. పండగయినాక సూద్దాం."

"ఎప్పుడు మావా?"

"దిశారి సెప్పాల." దిశారి అంటే ఊరికి మంచిరోజులు చూసే పెద్దమనిషి. "పది రోజులో, నెలో."

"అయిదు రోజుల్లో చేసుకోకూడదా?"

బుట్ట పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు. "పండక్కి కూడా బేరమేటమ్మా?"

తలుపు వెనక నవ్వు వినిపించింది. ఆ నవ్వే నాకు దక్కిన కొసరు.

తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, పాఠం చెబుతూ కిటికీ దగ్గరికి, కిటికీ నుంచి వసారాలోకి. ఆ ఊరి పిల్ల ఎవరు కనిపించినా "దిశారి ఏమన్నాడు?" అనేదాన్ని. చివరికి నన్ను చూడగానే వాళ్లే "ఇంకా ఏటీ సెప్పనేదు టీచరమ్మా" అని తప్పుకునేవారు. మా కొట్టులో సగం దినం నోరు మెదపకుండా నిలబడి ధర దించుకునేవాళ్లను చూశాను. ఆ ఓపిక కొంచెం కూడా నాకు అంటలేదు.

పండగకు కబురొచ్చింది. అందరితో పాటు వరసలో కూర్చున్నాను. అడ్డాకులో చిక్కుడు గింజలు వడ్డించారు.

"రేపు పంపుతావా మావా?"

"ముందు తిను."

తిన్నాను. ఇంకో ప్రశ్న నోటిదాకా వస్తే గింజలతో పాటు మింగేశాను.

మర్నాడు బడి తెరవకముందే వసారాలో ఉన్నాను. గంట కొట్టాక, అందరూ లోపలికి పోయాక, ఆ పిల్ల కొంగులో ఏదో పట్టుకుని వచ్చింది. నేను పెట్టిన కాయలు అక్కడే వడిలి నల్లబడ్డాయి. వాటిని ఏరి అవతల పారేసింది. తనవి పెట్టి, చేతులు దులుపుకుని లేచింది.

"ఇప్పుడడుగు టీచరమ్మా, మా ఊర్లో ఏటి పండుతాదో."