దేనికీ కాదనని పిల్ల

మా పక్క ఫ్లాట్ భాయ్‌సాబ్‌ది అఫ్గానిస్తాన్. అక్కడ జర్మన్ సైనికులు ఉన్నన్నాళ్లూ వాళ్లకు దుబాసీగా పనిచేసి, వాళ్లు వెనక్కి వచ్చేశాక భార్యాపిల్లలతో జర్మనీలో మేముండే డార్మ్‌స్టాట్ చేరాడు. చెల్లెలు మాత్రం కాబూల్‌లో మేనత్త దగ్గర ఉండిపోయింది. ఇక్కడి లెక్కలో కుటుంబమంటే భార్య, పిల్లలు. తల్లి పోయాక ఆ పిల్లను పెంచింది ఈ అన్నావదినలే అని వీసా ఆఫీసులో ఎన్ని టెర్మిన్లు, అదే అపాయింట్‌మెంట్లు, తీసుకుని మొత్తుకున్నాడో పాపం.

అక్కడ ఆరో తరగతి దాటితే ఆడపిల్లకు బడి లేదు. "పుస్తకం చేతిలో ఉన్నంతకాలం మేనత్త పెళ్లి మాట ఎత్తదు, బెహన్. పక్కన పెట్టిందా, సంబంధాలు చూస్తుంది" అన్నాడు ఒకరోజు, లాండ్రీ గదిలో బట్టలు మడతపెడుతూ. పుట్టి పెరిగింది హైదరాబాద్ కాబట్టి ఉర్దూ నాకు నోటి చివర ఉంటుంది. ఆ పిల్లకు సీరియళ్లు చూసి హిందీ వచ్చు. ఇంకేం, శనివారాలు పొద్దున్నే భాయ్‌సాబ్ ఇంటికి వెళ్లి ఆయన ఫోన్లో, వీడియో కాల్ మీద లెక్కలు చెప్తానన్నాను.

నాకు ముక్కు మీద కోపం. మా వాడికి ఎక్కాలు చెప్పిన రోజుల్లో ఇల్లు అదిరిపోయేది. "ఫోన్లకెళ్లి కొట్టలేవు. ఆ పిల్ల బతికిపోయింది తియ్" అన్నారు మావారు.

కానీ కోప్పడే అవసరమే రాలేదు. ఆ పిల్ల తెల్లటి చున్నీ సర్దుకుని కూర్చునేది. ఏం చెప్పినా "సమఝ్ గయీ, ఆపా", అర్థమైంది అక్కా అనేది. చిన్న సమీకరణాలతో మొదలుపెట్టి వారం వారం ముందుకు పరిగెత్తాను. ఇంత బాగా చెప్తానని నాకే తెలియదని ఇంట్లో గొప్పలు పోయాను కూడా.

ఒక శనివారం పాఠం అయ్యాక భాయ్‌సాబ్ యాలకుల చాయ్ పోస్తూ పాత కబుర్లలో పడ్డాడు.

"ఆఫీసర్లను ఊరి పెద్దల దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. బడి కడితే కాపలా మీరు చూసుకుంటారా అని అడిగేవారు. పోలీసు చౌకీకి మీ కుర్రాళ్లను పంపుతారా అనేవారు. పెద్దలు అన్నింటికీ సరే అనేవాళ్లు. ఇంటికొచ్చిన అతిథి మొహం మీద కాదనడం మాలో లేదు. నేనూ సరే అనే చెప్పేవాణ్ణి. కొన్ని నెలలకు ఆ ఆఫీసరు వెళ్లిపోయి ఇంకొకాయన వచ్చేవాడు. మళ్లీ అదే చాయ్, అవే ప్రశ్నలు, అదే సరే. బడి గోడలు లేచేవి, కాపలాకు మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు."

"మరి తప్పెవరిది?" అన్నాను.

"ఇద్దరూ మంచివాళ్లే, బెహన్. ఒకరితో ఒకరు కాదని చెప్పుకునేంత చనువు రానేలేదు. అది రాకుండా దేశం ఎలా నిలబడుతుంది?"

ఇంటికొచ్చి పప్పు కడుగుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్ల కూడా నాకు ఒక్కసారీ కాదని చెప్పలేదు. ఫోన్లోంచి వెళ్లినా నేనూ వాళ్లింటికి అతిథినే కదా.

తరువాతి శనివారం మొదటి పాఠంలోని లెక్కే ఇచ్చి, నా సాయం లేకుండా చెయ్యమన్నాను. పెన్సిల్ కదల్లేదు. కోపం గొంతుదాకా వచ్చింది, మింగేశాను. "ఎప్పటి నుంచి అర్థం కావడం లేదు, బేటా?"

తల వంచుకుని, వాళ్ల భాషలో అన్నతో గబగబా ఏదో చెప్పింది. నేను ఆయన వైపు చూశాను. ఏళ్ల తరబడి ఎవరెవరి మాటలో అటూ ఇటూ మోసిన మనిషి ఆ నాలుగు ముక్కలూ నా మొహం చూడకుండా చెప్పాడు.

"లెక్క సంగతి తర్వాతట. అసలు ఇదంతా నేర్చుకుని ఏం చేయాలో అర్థం కావడం లేదట. చెప్తే మీరు బాధపడతారని ఊరుకుందట."

నాకు ఏడుపొచ్చింది. ధైర్యం చెప్పే మాటలు కొన్ని నోటిదాకా వచ్చాయి. ఆ పిల్లకు అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. "ఏం చేయాలో నాకూ తెలియదు. మానేస్తానన్నా నేనేమీ అనుకోను. నాకు మాత్రం నువ్వంటే ఇష్టం" అన్నాను. అంతలోనే లైన్ కట్ అయింది.

మరుసటి శనివారం నేను వెళ్లలేదు. వెళ్లి ఆ పిల్లను మొహమాటపెట్టడం ఎందుకనిపించింది. ఎప్పుడూ వెళ్లే వేళ దాటాక బెల్ మోగింది. గుమ్మంలో భాయ్‌సాబ్, చేతిలో ఫోను. తెర మీద ఆ పిల్ల మొహం చిటపటలాడుతోంది.

"ఎందుకు రాలేదు, ఆపా? నేను మానేస్తానని అన్నానా? మీరే మరీ తొందరగా చెప్తారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మొదటి నుంచి మళ్లీ చెప్పండి."

అతిథి మీద చెల్లెలు అలా విసుక్కోవడం చూసి భాయ్‌సాబ్ నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నేను చెప్పులైనా వేసుకోకుండా వాళ్లింటికి నడిచాను.