గుట్ట వెనక లారీ

మా ఆఫీసులో ఆమెను అందరూ కొలబద్ద అంటారు. మొహం మీదే అంటారు, ఆమె ఏమీ అనుకోదు. కాఫీ మగ్గు పెట్టిన చోటే పెట్టీ పెట్టీ బల్ల మీద గుండ్రంగా మచ్చ పడింది. వాళ్లాయన సైన్యంలో సామాన్ల లారీ నడిపేవాడు. అంత పెద్ద బండి నడిపే మనిషికి, ఇంటి ముందు స్కూటరు ఎలా పెట్టాలో కిటికీలోంచి ఈమె చెప్పేదట. ఆయన నవ్వుతూ ఇంకో జానెడు వెనక్కి జరిపేవాడట.

సైనికులకు కంప్యూటర్లో యుద్ధం నేర్పడం మా పని. ఆమె తెర మీద నేల వేస్తుంది: గుట్టలు, రోడ్లు, కాలువలు, ఉన్నవి ఉన్నట్టు. పక్క కుర్చీ నాది. ఆ నేల మీద బండ్లు నడిపి, ఎక్కడ తేడా కొడుతోందో కనిపెట్టి గొడవ పెట్టడం నా ఉద్యోగం. గొడవ పెట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

నిజమైన గుండ్లతో జరిగిన శిక్షణలో ఆమె భర్త పోయాడు. గుట్ట మీదికి గురిపెట్టిన ఫిరంగి గుండు గుట్ట దాటిపోయి, వెనక రోడ్డు మీద వెళ్తున్న ఆయన లారీకి తగిలింది. అవతల ఏ బండి కనపడినా పేల్చకూడదని నియమం. నాకేమీ కనపడలేదన్నాడు పేల్చిన గన్నర్. ఆ వేళ ఆ రోడ్డు ఎవరు తెరిచి ఉంచారని విచారణలో ఎవరూ అడగలేదు. అడిగింది ఒకటే, ఫిరంగి దగ్గర్నుంచి లారీ కనపడుతుందా లేదా అని. అది కంప్యూటర్లో చూపించమని మా ఆఫీసుకు పంపారు.

"ఈ పని నీకొద్దమ్మా," అన్నాడు మా పెద్దాయన.

"ఆ నేల నేనే వేశాను సార్. ఎవరికిచ్చినా మళ్లీ నన్నే అడగాలి."

సెలవు అయిపోగానే వచ్చి మగ్గు ఆ మచ్చ మీదే పెట్టిన మనిషి ఆమె. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. "ఒక్కసారి ఏడవొచ్చు కదక్కా," అన్నాను.

"రావడం లేదే. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలీదు చూడు, అలా ఉంది," అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా.

లారీ ఎటు నుంచి ఎటు వెళ్లిందో ఆ వివరం వేరే ఆఫీసు నుంచి వచ్చింది. దాన్ని మా నేల మీదికి ఎక్కించి, ఫిరంగి దగ్గర నిలబడ్డట్టుగా చూశాం. గుట్ట పైన లారీ టాపు కనపడింది. చిన్నగానే గానీ కనపడింది.

"దొరికాడు," అన్నాను. సంతోషమే వేసింది, దాచడం ఎందుకు. వాళ్ల అత్తగారికి కావలసిందీ అదే. వాడు జైలుకు పోతే గానీ నాకు ముద్ద దిగదు అని ఆ పెద్దావిడ నాతోనే అంది.

కొలబద్ద తెర మీద చూపును గుట్ట వెనక్కి తిప్పింది. ఏ బండినైనా నాలుగు వైపులా చూడందే ఆమె సంతకం పెట్టదు. అక్కడ లారీ చక్రాలు రోడ్డును తాకడం లేదు. మనిషెత్తున గాల్లో పోతోంది.

ఇలాంటి తప్పు మా బాపతు వాళ్లే చేయగలరు. ఆమె వేసే నేల భూమిలాగే కాస్త వంపు తిరిగి ఉంటుంది. ఆ ఆఫీసు వాళ్ల లెక్కలో భూమి బల్లపరుపు. పటం నడిమధ్యన రెండూ కలుస్తాయి, అక్కడే చూసుకుని అంతా బాగుందనుకుంటారు. అంచుకు పోయేకొద్దీ నేల కిందికి వంగుతుంది, బండి మాత్రం బల్ల మీద పోతున్నట్టే పోతుంది. మా ఖర్మకొద్దీ ఆ రోడ్డు పటం అంచునే ఉంది.

"వదిలెయ్ అక్కా. ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలిసింది. నాకు తెలిసింది."

"వాళ్లు పంపిందే మనం చూపించాం. ఒక్కడికైనా శిక్ష పడనీ."

"ఆయన గాల్లో లేడే," అంది.

లెక్క మార్చింది. చక్రాలు రోడ్డుకు ఆనాయి. మళ్లీ ఫిరంగి దగ్గరకు వచ్చి చూస్తే గుట్ట, దాని మీద ఆకాశం, అంతే. ఆమె చాలాసేపు చూసింది.

"ఆ అబ్బాయికి కనపడలేదు," అంది. పెన్ను తీస్తూ, "మా ఆయనకీ ఏమీ కనపడి ఉండదు," అంది. సంతకం పెట్టి కాగితం నావైపు జరిపింది. పళ్లు నూరుకుంటూ నేనూ పెట్టాను.

సాయంత్రం ఆమెను ఒంటరిగా పంపబుద్ధి కాక ఇంటిదాకా వెళ్లాను. స్కూటరు ఇంకా గోడ పక్కనే, దుమ్ము పట్టి ఉంది. అత్తగారు అప్పటికే తలుపు తీసి నిలబడింది.

"కనపడిందా వాడికి?"

"లేదత్తయ్యా. కనపడే వీల్లేదు."

"నువ్వే చూశావా?"

"నేనే చూశాను."

ఆవిడ గుమ్మం పట్టుకుంది. ఇన్నాళ్లూ ముక్కూ మొహం తెలియని ఆ కుర్రాణ్ణి తిట్టుకుంటూనే లేచింది, తిట్టుకుంటూనే పడుకుంది.

"మరి నేనిప్పుడు ఎవర్ని తిట్టుకోవాలే?" అంది.

"నన్ను తిట్టండి."

తిడుతుందనే అనుకున్నాను. తిడితే ఊరుకోకూడదని కూడా అనుకున్నాను. ఆవిడ కోడలి చేతిలో సంచి అందుకుని, "చెప్పులు విప్పి లోపలికి రా," అంది.

కొలబద్ద చెప్పులు విప్పింది. ఒకటి గుమ్మం పక్కన పడింది. రెండోది మెట్టు దిగి బోర్లా పడింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు, సర్దలేదు, అలాగే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ చెప్పును చూసి నాకు ఏడుపొచ్చింది.