సూర్యారావు గారి చేతి ముద్ద

పోయిన నెల అత్తిలిలో మా బావమరిది గృహప్రవేశానికి వెళుతూ ఏలూరులో బస్సెక్కాం. తాడేపల్లిగూడెం దాటాక రోడ్డు పక్క చేలో ఎవరో గుళికల మందు చల్లుతున్నారు. కిటికీలోంచి ఆ వాసన గుప్పున లోపలికి కొట్టింది. కుళ్ళిన ఉల్లిపాయలూ కిరసనాయిలూ కలిపినట్టుంటుంది. ముందు సీట్లో ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ కిటికీ అద్దం లాగబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "ఏవిటండీ, ఆ కంపు పీల్చుకుంటూ కూర్చుంటారా?" అంది. నేను పీల్చుకుంటూనే ఉన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మందు ఘాటు అనుకుంది. అవునన్నాను.

ఒకప్పుడు నాకు ఆ వాసన తెలిసేది కాదు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న రోజులు. డిగ్రీ అయ్యాక కొల్లేటి పక్క మా ఊరు వదిలి, తాడేపల్లిగూడెంలో సూర్యారావు గారి ఎరువులు, పురుగు మందుల కొట్టులో పనికి కుదిరాను. మొదట్లో తలనొప్పితో అన్నం సహించేది కాదు. ఆయన నవ్వి, "కొన్నాళ్ళు ఓపిక పట్టరా ప్రసాదూ. ముక్కు చచ్చిపోతుంది. ఆ తరవాత హాయిగా ఉంటుంది" అన్నారు. అన్నట్టే చచ్చిపోయింది. అది హాయి అనే అనుకున్నాను.

ఆయన్ని చూడనివాళ్ళకి ఎలా చెప్పాలి? నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ ఎవరిమీదో విసుక్కుంటున్నట్టు కనిపించే మనిషి. కేకేస్తే బజారు అవతలికి వినపడేది. కానీ కొట్టులోకి ఎవరొచ్చినా ముందు మొహం చూసేవారు, తరవాతే వాళ్ళడిగిన మందు. ఓసారి ఒకాయన ఒంటరిగా వచ్చి ఫలానా మందు కావాలన్నాడు. నేను తీసి ఇవ్వబోయాను. సూర్యారావు గారు నా చేతిలోంచి సీసా లాక్కుని, "ఏ పైరుకండీ?" అన్నారు. ఆయన తడుముకున్నాడు. "చేను ఏ దశలో ఉందండీ? పురుగు ఎక్కడ కనిపించింది?" అని మళ్ళీ అడిగారు. ఆయన మాత్రం సీసా వైపే చూస్తున్నాడు. దాన్ని వెనక్కి పెట్టేసి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఊరూ పేరూ కనుక్కుని, వాళ్ళ తమ్ముడికి కబురు పంపి, అతనొచ్చేదాకా పక్కనే కూర్చుని వానల గురించి మాట్లాడుతూ ఉన్నారు. వాళ్ళిద్దరూ వెళ్ళాక నాతో, "మన చేతిలోంచి వెళ్ళేది విషంరా. అది ఎవరి నోట్లోకి పోతుందో చూడాల్సింది మనమే" అన్నారు.

ఖాళీ డబ్బాల దగ్గరా అంతే. ఎవరో తీసుకెళ్ళి మంచినీళ్ళు పోసుకుంటారేమోనని, ఒక్కో డబ్బాకీ మేకుతో కన్నాలు పొడిపించేవారు. డబ్బా బాగుంది కదాని అడగొచ్చిన ఆడవాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళేవారు. అట్టపెట్టెల సంగతి వేరు. మందు లోపల పాకెట్లలో ఉంటుంది, పైన పెట్టె వట్టి కాగితమేగా. పిల్లల పుస్తకాలకీ, మామిడికాయలు మగ్గెయ్యడానికీ, కోడిపెట్టను పొదగెయ్యడానికీ వీధిలో అందరూ మా పెట్టెలే పట్టుకెళ్ళేవారు. గూడెంలో ఏ మందుల కొట్టులోనైనా అంతే.

కొట్టు మీదే వాళ్ళ ఇల్లు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క కూతురు హారిక. నన్ను ప్రసాదన్నయ్యా అనేది. హైదరాబాదులో ఉండే మేనమామ ఆ పిల్ల పుట్టినరోజుకి ఒక పంజరం తెచ్చాడు. అందులో గుప్పెడంత జంతువు, లేత గోధుమ రంగు, తోక ఉందా లేదా అన్నంత. హామ్‌స్టర్ అంటారన్నాడు. హారిక వాళ్ళ అమ్మగారు చూడగానే, "అన్నయ్యా, ఇది ఎలుకే కదా!" అని రెండడుగులు వెనక్కి వేసింది. హారిక మాత్రం దానికి లడ్డూ అని పేరు పెట్టేసి, ముద్దు పెట్టుకుందామని పంజరంలో చెయ్యి పెట్టింది. లడ్డూ వేలు కొరికింది. రక్తం చూసుకుని పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

మర్నాటికి సంగతి రైతులందరికీ పాకిపోయింది. పొట్ట మీదున్న వరిని ఎలుకలు కొరికేస్తున్నాయని మందు కోసం వచ్చే జనమే అందరూ. "ఏవండోయ్ సూర్యారావు గారూ, బేరాలు తగ్గాయని మీరే ఎలుకల్ని పెంచి చేలమీదకి వదులుతున్నారటగా!" అని ఒకాయన అంటే కొట్టంతా ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వారు. వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచి, "ఒరేయ్, నెట్ సెంటర్‌కి వెళ్ళి దీన్ని ఎలా మచ్చిక చేసుకోవాలో చూసి రారా. పిల్ల దాని దగ్గరికి పోవడానికి భయపడుతోంది, దాన్ని వదిలిపెట్టీ ఉండలేకపోతోంది. నేను చూళ్ళేకపోతున్నాను" అన్నారు.

నేను చూసి వచ్చి చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశారు. పై నుంచి పట్టుకోకూడదు, గద్ద తన్నుకుపోతున్నట్టు బెదురుతుంది. పగలు నిద్రపోతుంటే లేపకూడదు. ఎండకి తట్టుకోలేదు. పంజరాన్ని చల్లగా ఉండే మంచినీళ్ళ కుండల గూడు పక్కకి మార్చారు. వడ్రంగి దగ్గర రంపపు పొట్టు తెచ్చి పరిచారు. మన వాసన దానికి అలవాటు కావాలంటే మన బట్టముక్క లోపల వెయ్యాలని చెప్తే, హారిక పాత గౌను చింపి వేశారు. రోజూ దీపాలు పెట్టే వేళకి కొట్టు నాకు అప్పజెప్పి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, నిమ్మచెక్క రుద్దుకుని పైకి వెళ్ళేవారు. అరచేతిలో నాలుగు పొద్దుతిరుగుడు గింజలు పోసుకుని, చెయ్యి పంజరంలో పెట్టి కదలకుండా కూర్చునేవారు. ఒక్క నిమిషం ఊరికే నిలబడలేని మనిషి! నేను ఏదో అడగడానికి పైకి వెళితే కళ్ళతోనే ఉరిమేవారు.

లడ్డూ మొదట మూలకి నక్కింది. తరవాత తరవాత గింజ లాక్కుని పారిపోయేది. కొన్నాళ్ళకి ఆయన అరచేతిలోనే కూర్చుని బుగ్గల్లో గింజలు కుక్కుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు హారికని పిలిచి, ఆ పిల్ల చేతిని తన చేతిమీద పెట్టించుకున్నారు. "చెయ్యి చాపి ఊరుకోమ్మా. పిలవకు, అడగకు. రావడం, రాకపోవడం దాని ఇష్టం" అన్నారు. పిల్ల ఊపిరి బిగబట్టింది. లడ్డూ ఆయన మణికట్టు వాసన చూసి, మెల్లిగా పిల్ల అరచేతిలోకి ఎక్కింది. "నాన్నా, గిలిగిలిగా ఉంది" అంది హారిక గుసగుసగా. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆయన మొహంలో అంత సంతోషం అంతకు ముందూ చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

కొట్టు కట్టేశాక కూతురికి అన్నం కలిపి ముద్దలు పెట్టడం ఆయన పని. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. అంత పిల్ల తనే తినలేదా అని అమ్మగారు దెప్పేది. "నా చేతి ముద్ద తింటేగానీ దానికి నిద్ర పట్టదు" అనేవారు గర్వంగా. నిజం చెప్పాలంటే నిద్ర పట్టనిది ఆయనకే.

ఓరోజు హారిక, "లడ్డూకి దాక్కోడానికి ఇల్లు కావాలి నాన్నా" అంది. నేను ఆ వేళ కొల్లేటి వైపు చేపల చెరువులకి సున్నం బస్తాలు తీసుకెళ్ళి, అక్కడే మా ఇంట్లో ఉండిపోయాను. మర్నాడు వచ్చేసరికి ఇల్లు తయారై ఉంది. అట్టపెట్టెని బ్లేడుతో కోసి గుమ్మం, రెండు కిటికీలు పెట్టారట. హారిక గోడలకి రంగు పెన్సిళ్ళతో పువ్వులేసింది. కొత్త ఇల్లు చూపిద్దామని నన్ను చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్ళింది. లడ్డూ ఆ అట్ట ఇంటి గుమ్మంలో పడి ఉంది. ఒళ్ళంతా వణుకు. మూతి దగ్గర నురగ. కొత్త ఇంటి అంచు కొరికిన అట్టముక్కలు చుట్టూ ఉన్నాయి.

సూర్యారావు గారు బేరం మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చారు. బండిమీద ఆయన, మధ్యలో పంజరం ఒళ్ళో పెట్టుకుని హారిక, వెనక నేను. గూడెంలో డాక్టరు సెలవులో ఉన్నారంటే ఏలూరు పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. దారిపొడుగునా పిల్ల, "లడ్డూ, వచ్చేశాం, వచ్చేశాం" అంటూనే ఉంది. ఆసుపత్రిలో గేదెల మధ్య నుంచి డాక్టరు గారు వచ్చి పంజరం తలుపు తీశారు. వంగి చూసి, చటుక్కున తల వెనక్కి తీసుకున్నారు.

"ఇదేవిటండీ, గుళికల మందు వాసన కొడుతోంది?"

సూర్యారావు గారు నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. మా ఇద్దరికీ ఏ వాసనా తెలియడం లేదు. డాక్టరు గారు ఆ అట్ట ఇంటిని బయటికి తీసి, అడుగు మడత విప్పి విదిలించారు. బల్లమీద గుళికలు రాలాయి. ఆవగింజలంత, నాలుగో ఐదో. ఏదో పాకెట్టు చిట్లి పెట్టె మడతలో ఇరుక్కున్నవి. లడ్డూ అప్పటికే పోయింది.

బయటివాళ్ళెవరైనా అయితే ఆ పెట్టెని గదిలోకి రానిచ్చేవారు కాదు, గుమ్మంలోనే ముక్కు మూసుకునేవారు. ముక్కులు చచ్చిపోయిన ఇంట్లో దాన్ని ముద్దుగా కట్టి, పువ్వులు వేసి, ఆ ప్రాణి ముందు పెట్టారు. హారిక ఏడవలేదు. బల్లమీది గుళికల్ని చూసింది, తరవాత నాన్న చేతుల్ని చూసింది. ఆ చూపు నేను చూశాను. చూడకుండా ఉండాల్సింది.

ఆ సాయంత్రం కొట్టు తియ్యలేదు. లడ్డూని పెరట్లో పాతిపెట్టి, ఆయన కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నారు. అన్నం కలిపి ముద్ద చేసి హారిక నోటి దగ్గర పెట్టారు. పిల్ల పెదవులు బిగించింది. "నేనే తింటాను నాన్నా" అంది. గొంతులో కోపం లేదు. చాలా మర్యాదగా అంది. ఆయన ముద్ద కంచంలో పెట్టేశారు.

మర్నాడు కొట్టు తీశాం. రెండో పంటకి ఊడ్పులు జోరుమీదున్నాయి, రైతులు వరసగా నిలబడ్డారు. అవే గుళికలు అమ్మాం. ఆయనకి వేరే పని రాదు, నాకూ అప్పటికి రాదు. ఆయన మాత్రం గంటకోసారి లేచి వెళ్ళి చేతులు కడుక్కునేవారు. వేళ్ళ సందులు పాసి, చర్మం చిట్లిపోయింది. ఆదివారాలు నా భోజనం వాళ్ళింట్లోనే. చూస్తూండేవాణ్ణి. అన్నం కలిపి ఒక ముద్ద చేసి కంచం అంచున కూతురి వైపు పెట్టేవారు. తినమ్మా అనేవారు కాదు. పిల్ల తల వంచుకుని తన కంచంలోది తినేసి లేచిపోయేది. కాసేపటికి ఆ ముద్ద ఆయనే తినేసేవారు.

ఓసారి అమ్మగారు ఉండబట్టలేక, "ఎన్నాళ్ళే ఇలా? నాన్న పెడితే తింటే ఏవవుతుంది?" అని గదమాయించింది. "దాన్ని ఏవీ అనకు" అన్నారాయన. ఆ సాయంత్రం కొట్టులో నన్ను అడిగారు. "దానిది కోపవంటావా, భయవంటావా?"

"చిన్నపిల్లండీ. మర్చిపోతుంది."

"కోపవైతే మర్చిపోతుందిరా" అన్నారు.

హారిక ఆయన్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు. చదువు చెప్పించుకునేది, బండెక్కి బడికి వెళ్ళేది, జ్వరమొస్తే ఆయన పక్కనే పడుకునేది. ఆయన ముద్దకి నోరు మాత్రం తెరిచేది కాదు. ఆయన అడగనూ లేదు. ఎదురుచూడటం ఒక్కటే ఆయనకి తెలిసిన దారి, లడ్డూ దగ్గర అది పనిచేసింది. కూతురి దగ్గర పనిచెయ్యలేదు. మరుసటి ఎండాకాలం ఒక మిట్టమధ్యాహ్నం కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. ఎదురుగా ఉన్న రైతు ఇంకా ఏదో అడుగుతూనే ఉన్నాడు.

పెద్దకర్మ రోజున డాబామీద పిట్టగోడ మీద విస్తట్లో అన్నం, పప్పు, ఆవకాయ, గారెలు పెట్టారు. కాకులు వచ్చి కరెంటు తీగమీద వాలాయి. విస్తరి వైపు చూసి లేచిపోయాయి. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ వెళ్ళిపోయాయి. "మనసులో ఏదో కోరిక ఉండిపోయింది. చెప్పుకోండమ్మా" అన్నారెవరో. అమ్మగారు చేతులు జోడించి, పిల్లని బాగా చదివిస్తానంది. ఆయన తమ్ముడు, కొట్టు మూసెయ్యం అన్నాడు. కాకి ముట్టలేదు. హారిక జనంలోంచి వచ్చి నా పక్కన నిలబడింది. నా చొక్కా అంచు పట్టుకుని నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"ప్రసాదన్నయ్యా, నేను తిననన్నానని నాన్నకి కోపమా?"

"లేదమ్మా. నీ మీద ఆయనకి ఎప్పుడూ కోపం రాలేదు."

"ఇప్పుడు పెడితే తింటాను. ఆ మాట చెప్పనా?"

చెప్పమన్నాను. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, విస్తరి మీదకి వంగి ఏదో చెప్పుకుంది. చాలాసేపు చెప్పింది. ఎండ నెత్తిమీదకి వచ్చింది. ఒక్క కాకీ రాలేదు. చివరికి ఆ విస్తరి తీసి ఆవుకి పెట్టేశారు. హారిక కిందికి దిగుతూ, "నేను సరిగ్గా చెప్పలేదేమో" అంది. నేను తన చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను.

ఆ ఏడాదే కొట్టు మానేసి ఏలూరు వచ్చేశాను. ఇక్కడ పలకలూ నోటు పుస్తకాలూ అమ్ముకుంటున్నాను. ఎవరొచ్చినా ముందు మొహం చూడటం మాత్రం పోలేదు. పెన్సిలు కొనడానికి వచ్చినవాళ్ళ మొహం అలా చూస్తారేవిటని మా ఆవిడ వెక్కిరిస్తుంది. ముక్కు తిరిగి బాగుపడింది. మా అమ్మాయికి అన్నం నేనే కలిపి పెడతాను. టీవీ చూస్తూ, నా చేతివైపైనా తిరక్కుండా, నోరు తెరుస్తుంది. ముద్ద నోటి దాకా వెళ్ళి నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. "పెట్టు నాన్నా" అని కసురుతుంది. పెడతాను.