మూతి రోడ్డు వైపు

మొన్న మంగళవారం పొద్దున పాత సినిమా యూనిట్ బండి నడిపిన షేక్‌పేట డ్రైవరు ఫోన్ చేశాడు. “అమ్మా, సార్ పోయిండు,” అని పెట్టేశాడు. ఏ సార్ అని అడగక్కర్లేదు. మా ఇద్దరికీ సార్ ఒక్కరే, ఒకప్పుడు ఫిల్మ్ నగర్‌లో మా పక్కింట్లో ఉన్న ప్రొడక్షన్ మేనేజరు గారు. నేను బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని.

ఔట్‌డోర్ షూటింగులో వందమందికి తిండి, పడక, బండ్లు చూడటం ఆయన పని. ఇంట్లోనూ అదే ధోరణి. పిన్ని గారితో గుడికెళ్ళినా కారు వెనక్కి తిప్పించి, మూతి రోడ్డు వైపు పెట్టించాకే దిగేవారు. “వచ్చేటప్పుడు తీరిక ఉంటుంది. పోయేటప్పుడు ఉండకపోవచ్చు,” అనేవారు. చాదస్తమని మేం నవ్వుకునేవాళ్ళం.

ఎనభైల మొదట్లో, ఫిల్మ్ నగర్‌లో ఇళ్ళకన్నా బండరాళ్ళే ఎక్కువున్న రోజుల్లో, మా వాడికి ఏడాదిన్నర. మా ఆయన కెమెరా అసిస్టెంటు. అడవులన్నీ ఆయన చూసొచ్చి చెప్పడం, నేను ఊఁ కొట్టడం. ఈసారి నేనూ చూడాల్సిందేనని పట్టుబట్టాను. లొకేషన్ ఆల్బంలో నల్లమల జలపాతం ఫోటో చూసి, అక్కడి బంగళాలో మూడు రోజులని ఖాయం చేసేశాం. ఫోటో చూసి చోటుని నమ్మేయడం సినిమావాళ్ళకే చెల్లింది. అంతకు రెండు నెలల ముందే జ్వరం ఎక్కువై పిల్లాడికి ఫిట్స్ వచ్చాయి. ఆ భయం లోపల పీకుతూనే ఉంది, అయినా పైకి అనలేదు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం బాబాయ్ గారు ఆ ఫోటో చేతిలోకి తీసుకున్నారు. “ఇది తీసింది నేనేనమ్మాయ్. జలపాతం వచ్చింది. అక్కడికి దిగే పాకుడు రాళ్ళు రాలేదు. డాక్టరు ఎంత దూరమో అసలే రాలేదు,” అన్నారు. ఇక వరసగా ప్రశ్నలు. పాలు ఎక్కడ కాస్తారు, వాన పడితే ఏం చేస్తారు, జ్వరం మందు ఎవరి సంచిలో ఉంది. ఒళ్ళు మండి నోరు జారాను.

“పిల్లల్లేని మీకు ఇవన్నీ ఏం తెలుస్తాయి బాబాయ్ గారూ?”

కాఫీ తెస్తున్న పిన్ని గారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఒక కాగితం మీద ఏదో రాసుకున్నారు. మర్నాడు ఆ కాగితాన్ని మమ్మల్ని తీసుకెళ్ళే ఈ షేక్‌పేట డ్రైవరు చేతికిచ్చారు, నాకివ్వలేదు.

రెండో రోజు మధ్యాహ్నం, వాన వెలిశాక, పిల్లాడి ఒళ్ళు కాలిపోయింది. తడిగుడ్డ వేస్తుండగానే కళ్ళు తేలేశాడు. వాణ్ణి ఎత్తుకుని బండి దగ్గరికి పరిగెత్తాను. బంగళా ముందంతా బురద, బండి తిప్పబోతే చక్రాలు దిగబడిపోయేవే. తిప్పే పని లేకపోయింది. కాగితంలో రాసినట్టే డ్రైవరు ముందే మూతి రోడ్డు వైపు పెట్టి ఉంచాడు. అదే కాగితంలో రాసిన డాక్టరు ఇంటి ముందు ఆగేసరికి డాక్టరే ఎదురొచ్చాడు. “ఫిల్మ్ నగర్ వాళ్ళేనా? మీ బాబాయ్ గారు మొన్న సాయంత్రం ట్రంక్ కాల్ చేశారు, మూడు రోజులు ఊరు కదలొద్దని,” అన్నాడు.

మొన్న సాయంత్రమంటే, నేను ఆ మాట అన్న సాయంత్రమే.

పిల్లాడు దక్కాడు. తిరిగొచ్చి క్షమించమని అడగబోతే, జలపాతం చూశారా లేదా అని మాట మార్చేశారు. వాడు కాస్త పెద్దయ్యాక మళ్ళీ షెడ్యూలు వేద్దాం అన్నారు. ఆరేళ్ళకి వేశారు కూడా. వాడి చెయ్యి పట్టుకుని రాళ్ళు దింపింది ఆయనే. నా క్షమాపణ మాత్రం నా నోట్లోనే ఉండిపోయింది.

చివరిచూపుకి వెళ్ళేసరికి పాత యూనిట్ డ్రైవర్లంతా అక్కడే ఉన్నారు. వ్యాన్లు, కార్లు వీధి పొడుగునా వరసగా, అన్నీ మూతి రోడ్డు వైపే. మా కారు నడుపుతున్న మా వాడు అది చూశాడు. ఎవరూ చెప్పకుండానే కారు వెనక్కి తిప్పి, మెల్లగా ఆ వరస చివర పెట్టాడు.