ఖాళీ బల్ల, పచ్చచుక్క

సర్వర్ గదిలో ఫ్యాన్లు ఊపందుకున్న హోరు, వేడెక్కిన దుమ్ము వాసన. ఇవాళ ఆ రెండూ కలిసి నన్ను ఎన్నో ఏళ్ళ వెనక్కి, మెదక్‌లోని యాదగిరి సార్ గదికి తీసుకెళ్ళాయి. ఆయన నా మొదటి పై అధికారి. రోగపరీక్షల కేంద్రాలు నడిపే ఒక సంస్థలో మేమిద్దరం కంప్యూటర్ల పని చూసేవాళ్ళం. ప్రధాన సర్వర్ మెదక్‌లో, ఊరూరి కేంద్రంలో ఒక చిన్న పెట్టె. మా ఆజ్ఞ అందగానే ఆ పెట్టె తన చుట్టూ ఉన్న కంప్యూటర్లలో పాతదంతా తుడిచి కొత్త వ్యవస్థను ఎక్కిస్తుంది. పెట్టె సర్వర్‌తో కలిస్తే తెర మీద ఊరి పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. నాకు అది చాలు. సార్‌కు చాలదు. అక్కడి మనిషి ఫోన్లో, పెట్టె ముందు నిలబడి "ఉన్నది" అనేదాకా ఏ ఆజ్ఞా పంపనిచ్చేవారు కాదు.

"మిషిన్ 'ఉన్న' అంటున్నది గద సార్," అన్నానొకసారి.

"అంటది. యాడున్నదో చెప్తదా? పచ్చచుక్క కనవడంగనే లగ్గం కుదిరినట్టు సంబురపడకు తమ్మీ."

ఒక తెలంగాణ బంద్ రోజు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. చర్చి గంట మోత ఖాళీ బజారంతా తిరిగి మా కిటికీ దాకా వచ్చింది. మూసి ఉన్న అల్లాదుర్గ్ కేంద్రంలో కంప్యూటర్లను కొత్తగా సిద్ధం చేయడానికి అదే అదను. తెర మీద అల్లాదుర్గ్ పచ్చగా ఉంది. నా వేలు మీట మీద ఉంది. సార్ అక్కడి వాచ్‌మన్ బాలయ్యకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"తాళం ఏసే ఉన్నది సార్. కరెంటు పొద్దుగాల్నుంచి లేదు."

"జర కిటికీలకెల్లి చూడు బాలయ్యా."

చెప్పుల చప్పుడు. కిటికీ రెక్క కిర్రుమంది.

"బల్ల మీద డబ్బా లేదు సార్."

తెర మీద అల్లాదుర్గ్ మాత్రం మా ప్రతి పలకరింపుకూ జవాబిస్తూనే ఉంది. సార్ నా వేలిని మెల్లగా పక్కకు జరిపి, గొంతు తగ్గించి, "మరి గా పేరుతోని పలుకుతున్నదెవరు?" అన్నారు.

ఒక్కో కేంద్రానికీ ఫోన్ చేస్తే ఆ పెట్టె తూప్రాన్‌లో తేలింది. దవాఖానా పక్కదని ఆ కేంద్రం బంద్‌లోనూ తెరిచే ఉంది. అక్కడి పెట్టె చెడిపోతే రిపేరు మనిషి ముందురోజే అల్లాదుర్గ్ పెట్టెను తెచ్చి, పేరు మార్చకుండానే తగిలించి వెళ్ళాడు. నేను మీట నొక్కి ఉంటే అక్కడి రోగుల ఫలితాలన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. "జర ఆగుండ్రి సార్, బాలింతకు రక్తం ఎక్కియ్యాలె, రిపోర్టు తీస్తున్న," అంది ఫోనెత్తిన అమ్మాయి. వెనక ప్రింటర్ కదులుతున్న చప్పుడు మేమిద్దరం విన్నాం.

సార్ పోయి కొన్నేళ్ళైంది. ఇవాళ కూడా కొత్త కేంద్రాన్ని కలిపి, అవతలి మనిషి "ఉన్నది సార్" అనేదాకా ఆగాను. ఆయన నంబరు ఇంకా నా ఫోన్లోనే ఉంది. ఫోన్ కంపెనీ ఆ నంబరును ఇంకెవరికిచ్చిందో ఏమో, అప్పుడప్పుడు చాట్‌లో ఆయన పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. ఫోన్ చేసి కనుక్కోమనే ఆయన నేర్పారు. ఆ ఒక్క నంబరుకు మాత్రం ఇప్పటికీ చేయలేదు.